పాత కంప్యూటర్‌కు కరెంటు పెట్టే ముందు

నల్లగొండలో పాత కంప్యూటర్లు బాగుచేసుకునే వాళ్ల ముందు మాట్లాడిన ప్రసంగానికి రాతరూపం

అందరికీ నమస్కారం.

అసలు మాట ముందే చెప్తా. గుజిరీ దుకాణం నుంచో, మిల్లు గోదాం నుంచో తెచ్చిన పాత కంప్యూటర్‌కు ఇంటికి రాంగనే కరెంటు పెట్టొద్దు. ఏండ్ల తరబడి మూలకు పడి ఉన్న మిషన్, బతికే అవకాశం ఉన్న మిషన్, మొదటి పది సెకన్లలోనే కాలిపోతది. తర్వాత మనం "పాతది గదా, పోయింది" అనుకుంటం. అది పాతదై పోలేదు, చూడకుండ స్విచ్ వేస్తే పోయింది. స్విచ్‌కు ముందు ఏం చెయ్యాలె, వేసినంక ఏ వరుసలో పోవాలె, ఇయ్యాల నేను చెప్పేదంతా అదే.

మన దిక్కు దొరికేవి ఏం మిషన్లు? యూట్యూబ్‌లో చూసే కమోడోర్‌లు, అమిగాలు లాంటి విదేశీ మిషన్లు ఇక్కడ దొరకవు. 1984లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన క్లాస్ పథకం కింద దేశంలో కొన్ని బడులకు బీబీసీ మైక్రోలు అనే బ్రిటిష్ కంప్యూటర్లు వచ్చినయి, అది ఒక్కటి దొరికినా అదృష్టమే. మనకు చేతికొచ్చేవి 386, 486, పెంటియం, పెంటియం 3, 4, లోపలి ప్రాసెసర్‌ను బట్టి పిలిచే పేర్లివి. అవి వచ్చేది మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి, ధర్మకాంటల నుంచి, జిన్నింగ్ మిల్లుల నుంచి, పెండ్లి పత్రికలు చేసే డీటీపీ సెంటర్ల నుంచి. ఎక్కడ్నుంచి వచ్చిందన్న దాన్నిబట్టే మిషన్‌కు రోగం ఉంటది. రైస్ మిల్లు డబ్బా తెరిస్తే తవుడు. తవుడులో నూనె ఉంటది, అందుకే అది పొడి దుమ్ము లెక్క ఎగిరిపోదు, జిడ్డై అతుక్కుని చెమ్మను పట్టుకుంటది. జిన్నింగ్ మిల్లుదైతే పత్తి నూగు ఫ్యాన్ ఇరుసుకు చుట్టుకుని ఉంటది. ధర్మకాంటదైతే లారీలు లేపిన రోడ్డు దుమ్ము. ఎలుకలు దూరిన డబ్బాను చేతికి గ్లవ్స్, ముఖానికి మాస్క్ లేకుండ ముట్టుకోవద్దు. ఎలుక మూత్రం బోర్డు మీది రాగిని తింటది, మనకు లెప్టోస్పైరోసిస్ అంటించే ప్రమాదమూ ఉంది.

మూత తియ్యంగనే ఫోన్‌తో ఫొటోలు తీయండి. ప్రతి కేబుల్ ఎటువైపు తిరిగి ఉంది, ఎర్ర గీత ఏ మూలకుంది, ప్రతి జంపర్, అంటే రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు, ఏ పిన్నుల మీదుంది, ఏ కార్డు ఏ స్లాటులో ఉంది. హార్డ్ డిస్క్ లేబుల్ మీద సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు అని మూడు అంకెలుంటయి. అవి కాగితం మీద రాసి డబ్బా లోపలే టేపుతో అతికించండి. ఎందుకో తర్వాత తెలుస్తది.

ఇగ కరెంటు. ముందు మీ గోడలో సాకెట్‌ను చూడండి. మల్టీమీటర్‌ను ఏసీ మీద పెట్టి కొలిస్తే ఫేజుకు, ఎర్త్‌కు మధ్య 230 దగ్గర్లో రావాలె. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులు దాటొద్దు. చాలా ఇండ్లలో మూడో రంధ్రం ఉంటది గని దాని వెనక వైరుండదు. అట్లున్నప్పుడు ఏమైతది? ఎస్‌ఎంపీఎస్ లోపల, అంటే గోడ కరెంటును మిషన్‌కు కావాల్సిన తక్కువ వోల్టులకు మార్చే పెట్టె లోపల, ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండు చిన్న కెపాసిటర్లు డబ్బా రేకుకు కలిసి ఉంటయి. ఎర్త్ లేకపోతే ఆ రేకు మీద కరెంటులో సగం, అంటే 115 వోల్టుల దాకా నిలబడతది. చెయ్యి పెడితే జుమ్మంటది. ఆ కరెంటు తక్కువే, మనిషికి పెద్దగ కాదు. కాని ఎర్త్ ఉన్న ప్రింటర్‌నో మానిటర్‌నో కేబుల్‌తో దానికి తగిలిస్తే పోర్టు వెనకున్న చిప్పు కాలుతది. ప్రింటర్ పోర్టులు, సీరియల్ పోర్టులు పోవడానికి మన దగ్గర ఇదే పెద్ద కారణం. ఎర్త్ సరిచెయ్యకుండ ఈ పని మొదలుపెట్టొద్దు.

తర్వాత ఎస్‌ఎంపీఎస్. దాన్ని డబ్బాలోంచి బయటికి తీసి, బోర్డుకు, డిస్కులకు పోయే వైర్లన్నీ విప్పి, ఒక్కదాన్నే పరీక్ష చెయ్యాలె. వెనక ఎర్ర స్లైడర్ స్విచ్ ఉంటది, అది 230 మీద ఉండాలె. 115 మీద ఉన్నప్పుడు మన కరెంటు పెడితే లోపలి సర్క్యూట్ దాన్ని రెట్టింపు చేస్తది. 200 వోల్టులు మాత్రమే ఓర్చే రెండు పెద్ద కెపాసిటర్ల మీద ఒక్కోదానికి 325 వోల్టులు పడతయి. అవి పటాకి లెక్క పేల్తయి. సామాన్లు అటూ ఇటూ జరిపేటప్పుడు ఆ స్లైడర్ జరిగి ఉండొచ్చు, కాబట్టి కంటితో చూసినంకనే ముందుకు పోండి.

రెండోది, టీవీ మెకానిక్‌లు వాడే సీరీస్ బోర్డు. 100 వాట్ల బల్బును ఫేజు వైర్‌కు సీరీస్‌లో పెట్టి, దాని ద్వారా ఎస్‌ఎంపీఎస్‌కు కరెంటు ఇయ్యాలె. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, పాత ఫిలమెంట్ బల్బే కావాలె. లోడ్ కింద 4.7 ఓముల 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్‌ను ఎర్ర వైరుకు, నల్ల వైరుకు మధ్య కలపండి. అది ఒక ఆంపియర్ దాకా తీసుకుంటది, బాగ వేడెక్కుతది, చెక్క మీద పెట్టొద్దు. లోడ్ లేకుండ పాత ఎస్‌ఎంపీఎస్‌లు చాలావరకు మొదలుకావు, లేదా తప్పు వోల్టేజీ చూపిస్తయి. బోర్డుకు ఒకే 20 పిన్నుల కనెక్టర్‌తో పోయే తర్వాతి కాలపు ఏటీఎక్స్ రకమైతే ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు ఒక తీగతో కలిపితేనే ఆన్ అయితది.

ఇప్పుడు స్విచ్ వెయ్యండి. బల్బు ఒక్క క్షణం భగ్గుమని మసకబారితే మంచిది, పెద్ద కెపాసిటర్లు నిండినయన్న మాట. బల్బు నిండుగ వెలుగుతనే ఉంటే లోపల షార్ట్ ఉంది. ముందుగల బ్రిడ్జ్ రెక్టిఫయర్, తర్వాత స్విచింగ్ ట్రాన్సిస్టర్ చూడాలె. వెలుగుతూ ఆరుతూ ఉంటే సెకండరీ దిక్కు, అంటే తక్కువ వోల్టులు బయటికొచ్చే దిక్కు, ఏదో షార్ట్ ఉంది, లేదా లోడ్ ఎక్కువైంది. బల్బు పరీక్ష దాటినంకనే నేరుగా కరెంటు పెట్టి వోల్టేజీలు కొలవండి. ఎర్ర వైరు 4.75 నుంచి 5.25 మధ్య, పసుపు వైరు 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలె. ఏటీఎక్స్‌లో నారింజ రంగుది 3.14 నుంచి 3.47 మధ్య ఉండాలె. సీరీస్ బల్బు మీద మొత్తం కంప్యూటర్‌ను నడిపించే ప్రయత్నం చెయ్యొద్దు. వోల్టేజీ పడిపోయి మాటిమాటికి ఆగి మొదలైతది, ఆ కుదుపులు డిస్కుకు మంచివి కావు.

ఎస్‌ఎంపీఎస్ మూత తియ్యాల్సొస్తే ప్లగ్గు తీసినంక కూడ ఆ పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు మానుకోండి. 10 కిలోఓముల 5 వాట్ల రెసిస్టర్‌ను పక్కడుతో పట్టి రెండు కొసలకు 20 సెకన్లు ఆనించి, మీటర్‌తో సున్నా అయ్యిందని చూసుకుని చెయ్యి పెట్టండి. లోపల పసుపుపచ్చ, అద్దం లెక్క కనిపించే ప్లాస్టిక్ తొడుగుతో, పైన సన్నటి పగుళ్లతో కెపాసిటర్ ఉంటే అది రీఫా రకం కాగితం కెపాసిటర్. పగుళ్లలో చెమ్మ దూరి, కరెంటు పెట్టిన కొద్దిసేపటికే పొగ కక్కుతది. బీబీసీ మైక్రోలో మాటిమాటికి పోయేది ఇదే. దాని విలువ చూసి అదే విలువది, ఎక్స్2 అని గుర్తున్న 275 వోల్టుల ఏసీ కెపాసిటర్ వెయ్యండి. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతది.

386, 486 వాటికి ఇంకో రెండు ప్రమాదాలున్నయి. బోర్డుకు కరెంటు రెండు విడి కనెక్టర్లతో పోతది, పీ8, పీ9. రెండిటినీ పక్కపక్కన పెట్టినప్పుడు నల్ల వైర్లన్నీ నడుమ కలవాలె. తారుమారైతే బోర్డు ఆ క్షణమే పోతది, తిరిగి లేవదు. రెండోది, ముందున్న పవర్ స్విచ్ వెనకకు వచ్చే నాలుగు వైర్లలో ఉన్నది నేరుగా 230 వోల్టులు. కొత్త కంప్యూటర్ల స్విచ్ లెక్క 5 వోల్టులది కాదు. ఆ స్విచ్ కాళ్ల మీద ప్లాస్టిక్ తొడుగులు ఊడి ఉంటే హీట్ ష్రింక్, అంటే వేడికి ముడుచుకునే గొట్టం, వెయ్యకుండ ప్లగ్గు పెట్టొద్దు.

ఇగ బోర్డు. 286 నుంచి 486 దాకా బోర్డు మూలకు, ఎక్కువగ కీబోర్డు సాకెట్ దగ్గర, నీలిదో పచ్చదో చిన్న పీపా లెక్క బ్యాటరీ ఉంటది. 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం. మన పాత మిషన్లను అన్నిటికంటే ఎక్కువ చంపింది ఇదే. మిషన్ నడవకుండ పడి ఉన్నా అది కారుతనే ఉంటది. కారేది క్షారం. ముందు దగ్గరున్న రాగి గీతలను నల్లగ చేసి తింటది, తర్వాత కీబోర్డు కంట్రోలర్ చిప్పు కాళ్లను, స్లాట్లను. మీ ఇంట్లో 486 బోర్డుంటే, నడుస్తున్నా సరే, ఈ రోజే కటింగ్ ప్లయర్‌తో ఆ బ్యాటరీని కోసేయండి. ఇంతకంటే అర్జంటు పని నేను చెప్పబోయే దాంట్లో ఏదీ లేదు.

కారిన చోట పచ్చటి, తెల్లటి పొర ఉంటది. క్షారం కాబట్టి దాని మీద వంటసోడా వేస్తే ఏమీ కాదు, పులుపు కావాలె. కిరాణంలో దొరికే తెల్ల వెనిగర్ లేదా నిమ్మరసం పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బుడగలు ఆగిందాక రుద్ది, వెంటనే కడిగెయ్యాలె. దేంతోని కడగాలె? ఇక్కడ జాగ్రత్త. మన జిల్లా బోరునీళ్ల సంగతి మీకు తెలియంది కాదు. ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్లగొండ టెక్నిక్ అని పేరు పడింది. ఆ నీళ్లతో బోర్డు కడిగితే ఆరినంక చిప్పుల కాళ్ల మధ్య తెల్లటి ఉప్పు పొర మిగులుతది. చెమ్మ తగిలినప్పుడల్లా దాంట్లోంచి కరెంటు పారి, మిషన్ ఒకరోజు నడిచి ఒకరోజు నడవదు, కారణం దొరకదు. కృష్ణా నీళ్లు కూడ వద్దు. బ్యాటరీ దుకాణంలో ఇన్వర్టర్‌కు అమ్మే డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్ల డబ్బా తెచ్చుకోండి. వెనిగర్ తర్వాత దాంతోని రెండు సార్లు కడిగి, చివరికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చెయ్యండి. నీటిని అది పట్టుకుని ఆవిరైతది. నీడలో ఫ్యాన్ కింద రెండు రోజులు ఆరనియ్యండి. ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె మీద పెడితే తొందరగ ఆరుతది గని ప్లాస్టిక్ స్లాట్లు వంగుతయి.

తర్వాత మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, నల్లబడిన ప్రతి గీతను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూడండి. తెగిన చోట పైపూత గీకి, సన్నటి ఎనామెల్ తీగతో అతుకు వెయ్యాలె. కొత్త బ్యాటరీ ఏం పెట్టాలె? బోర్డు ఆ బ్యాటరీకి చార్జింగ్ ఇస్తది, కాబట్టి నాణెం బ్యాటరీ నేరుగా పెడితే అది ఉబ్బుతది. మూడు పెన్సిల్ సెల్లుల హోల్డర్, ప్లస్ వైరులో 1ఎన్4148 డయోడ్, గీత ఉన్న దిక్కు బోర్డు వైపు. 4.5 వోల్టులలో డయోడ్ కొంత తింటే 3.9 దాకా మిగులుతది, సరిపోతది. హోల్డర్‌ను బోర్డుకు దూరంగ, డబ్బా రేకుకు అతికించండి, రేపు సెల్లు కారినా బోర్డు మీద పడదు. కొన్ని మిషన్లలో బ్యాటరీ కనిపించదు, డాలస్ అని రాసి ఉన్న నల్ల చిప్పు లోపలే ఉంటది. దాన్ని మార్చడమే మంచిది.

పెంటియం 3, 4 బోర్డులకు ఈ బ్యాటరీ బాధ లేదు, కాని ఆ కాలపు కెపాసిటర్లు నాసిరకం. ప్రాసెసర్ చుట్టూ ఉన్నవాటి తలలు ఉబ్బినా, గోధుమరంగు రసం కారినా మార్చాలె. 105 డిగ్రీల, తక్కువ ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం) రకమే వెయ్యండి. మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలె, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు. తీసే ముందు మైనస్ గీత ఎటుందో ఫొటో తీసుకోండి. బోర్డు మీద రంగు వేసిన సగం మైనసా ప్లసా అన్నది అన్ని కంపెనీలకు ఒకటే తీరు ఉండదు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఈ పనికి చాలదు. బోర్డు లోపలి గ్రౌండ్ పొర వేడినంతా గుంజుకుంటది. 60 వాట్లది తీసుకుని, ముందు పాత టాంకా మీద కొత్త 60/40 సోల్డర్ కొంచెం కలిపితే కరుగుతది. బలవంతంగ పీకితే రంధ్రం లోపలి రాగి గొట్టం ఊడొస్తది.

ఇంత చేసినంక ఇప్పుడు స్విచ్. బోర్డు, ప్రాసెసర్, ఒక్క వరుస ర్యామ్, డిస్‌ప్లే కార్డు, స్పీకర్, అంతే. డిస్కులు, మిగతా కార్డులు వద్దు. ర్యామ్, కార్డుల కాళ్లను తెల్ల పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఆల్కహాల్‌తో తుడవండి. 30 పిన్నుల ర్యామ్ 486కు నాలుగేసి పెట్టాలె, 286కు, 386 ఎస్‌ఎక్స్‌కు రెండేసి. 72 పిన్నులది 486కు ఒక్కటి చాలు, పెంటియంకు జతగ ఉండాలె. ఈ లెక్క తెలియక మంచి బోర్డులను గుజిరీకి తిరిగి పంపుతరు. స్విచ్ వెయ్యంగనే మొదట నడిచే బోర్డు మీది ప్రోగ్రామే బయోస్. ఏఎంఐ బయోస్ మూడు బీపులు కొడితే ర్యామ్, ఎనిమిది కొడితే డిస్‌ప్లే కార్డు. అవార్డ్ బయోస్ ఒక పొడుగు, రెండు పొట్టి కొడితే డిస్‌ప్లే. ఏ చప్పుడూ లేకపోతే పోస్ట్ కార్డు, అంటే మిషన్ ఎక్కడ ఆగిందో అంకెల్లో చూపే పరీక్ష కార్డు, స్లాటులో పెట్టి అంకెలు చూడాలె.

ఇప్పుడు డిస్కు. దీని గురించి నాకు పట్టింపు ఎక్కువ. బోర్డు పోతే ఇంకో బోర్డు దొరుకుతది, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, ఎర్రగడ్డ ఆదివారం అంగట్లోనో. ఆ డిస్కులో ఉన్నది మాత్రం ఇంకెక్కడా ఉండదు. ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ ప్రోగ్రాములో మిల్లు రాసుకున్న లెక్కలు, ఏ ఏడు ఏ వడ్లు ఎంతకు కొన్నరో ఆ వివరం, డీటీపీ సెంటర్‌లో పేజ్‌మేకర్‌లో చేసిన పుస్తకాలు, సంఘాల కరపత్రాలు. అందుకే ఫార్మాట్ చెయ్యొద్దు, విండోస్ ఎక్కించొద్దు, ముందు నకలు తియ్యాలె. వాటిలో ఇండ్ల లెక్కలు, పేర్లు ఉంటయి కాబట్టి డిస్కు ఎవరిదో వాళ్లను అడిగే తియ్యాలె.

యూఎస్‌బీ అడాప్టర్లు 1990ల మొదట్లోని చిన్న డిస్కులను చాలాసార్లు గుర్తుపట్టవు. అవి ఎల్‌బీఏ అనే లెక్కను, అంటే సెక్టార్లన్నిటికీ ఒకే వరుస నంబర్లను, ఆశిస్తయి, ఆ డిస్కులకు సిలిండర్, హెడ్, సెక్టార్ లెక్క మాత్రమే తెలుసు. ఐడీఈ పోర్టు, అంటే ఆ కాలపు డిస్కులు తగిలించే పోర్టు, ఉన్న పెంటియం 4 బోర్డుకు నేరుగా తగిలించి, లినక్స్ నుంచి డీడీరెస్క్యూ అనే నకలు తీసే ప్రోగ్రాముతో తీయండి. మొదటి దఫా చెడిన చోట్ల ఆగకుండ మంచి భాగమంతా గుంజుకోవాలె. ఆ తర్వాతే చెడిన చోట్ల మీద మూడు సార్లు ప్రయత్నం. ఎంతవరకు తీసిందో రాసుకునే మ్యాప్ ఫైల్ తప్పక పెట్టుకోవాలె, నడుమ కరెంటు పోయినా ఆగిన కాడ్నుంచి మొదలైతది.

ఫాక్స్‌ప్రో ఫైళ్లలో డీబీఎఫ్ ఒక్కటే కాపీ చేస్తే చాలదు, అదే పేరుతో ఎఫ్‌పీటీ ఉంటే అదీ తీయాలె, మెమో రాతలన్నీ దాంట్లోనే ఉంటయి. డీబీఎఫ్ ఇవ్వాల్టి లిబ్రేఆఫీస్‌లో కూడ తెరుచుకుంటది. డీటీపీ ఫైళ్లకైతే ఫాంట్ల ఫోల్డర్ కూడ తీయాలె. అను ఫాంట్లలో చేసిన తెలుగు, ఆ ఫాంట్ లేకపోతే అర్థం కాని గుర్తుల వరుసే. యూనికోడ్‌లోకి మార్చే ముందు అదే పాత మిషన్‌లో పేజీని ప్రింటు తీసి పెట్టుకుంటే, వత్తులు, గుణింతాలు ఎక్కడ తప్పినయో పోల్చుకోవచ్చు. ప్రింటర్ పోర్టుకు తగిలించి ఉన్న చిన్న డబ్బా కనిపిస్తే పారెయ్యొద్దు, అది సాఫ్ట్‌వేర్ డాంగిల్. అది లేకుంటే ఆ ప్రోగ్రాము తెరుచుకోదు.

ఫ్లాపీలకు మన దగ్గర పెద్ద శత్రువు బూజు. 3.5 అంగుళాల ఫ్లాపీ రేకు పక్కకు జరిపి, నడుమ చక్రాన్ని వేలితో తిప్పుతూ వెలుతురులో చూడండి. తెల్లటి మచ్చలుంటే డ్రైవ్‌లో పెట్టొద్దు, ఆ బూజు హెడ్‌కు అంటుకుని తర్వాత పెట్టే ప్రతి ఫ్లాపీని గీకుతది. డ్రైవ్ లైటు ఆరకుండ వెలుగుతనే ఉంటే రిబ్బన్ కేబుల్ తిరగేసి పెట్టినట్టు. 360 కేబీ ఫ్లాపీ మీద 1.2 ఎంబీ డ్రైవ్‌తో రాయొద్దు, ఆ డ్రైవ్ రాసే గీత సన్నం, తర్వాత అసలు 360 కేబీ డ్రైవ్ దాన్ని చదవలేదు. చదివితే నష్టం లేదు.

పసుపెక్కిన ప్లాస్టిక్‌ను తెల్లగ చేసే పని గురించి అందరూ అడుగుతరు. బ్యూటీ పార్లర్ సామాన్ల దుకాణంలో 40 వాల్యూమ్ డెవలపర్ క్రీమ్, అంటే 12 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. పూసి, పల్చటి ప్లాస్టిక్ కవర్ చుట్టి, పొద్దటి ఎండలో పెట్టి, అర్ధగంటకోసారి క్రీమ్ సర్దాలె. ఎండిన చోట చారలు పడతయి. గ్లవ్స్, కండ్లద్దాలు తప్పనిసరి. కొన్నేండ్లకు పసుపు మళ్ల వస్తది కాబట్టి నా దృష్టిలో ఇది అన్నిటికంటే చివరి పని.

ప్రశ్న: సార్, మా ధర్మకాంట మిషన్ డాస్ మీద ఇప్పటికీ నడుస్తుంది. ముట్టుకుంటే ఆగిపోతదని భయం. ఏం చెయ్యమంటరు?

ముట్టుకోకపోతేనే భయం అన్నా. ముందు డిస్కు నకలు తీసి రెండు చోట్ల పెట్టండి. తర్వాత డిస్కు బదులు పెట్టను కాంపాక్ట్ ఫ్లాష్ అనే మెమరీ కార్డు, దానికి ఐడీఈ అడాప్టర్ తీసుకోండి. 486 బయోస్‌లు చాలావరకు 504 ఎంబీ దాటి చూడలేవు, కాబట్టి 512 అని అమ్మే కార్డే పెట్టండి, బయోస్ లెక్కలో అది 504 లోపే ఉంటది. తీసిన ఇమేజ్‌ను నేరుగా కార్డు మీద రాస్తే సిలిండర్, హెడ్ లెక్క కలవక బూట్ కాదు. కార్డును అదే మిషన్‌లో ఎఫ్‌డిస్క్‌తో పార్టిషన్ చేసి, సిస్టమ్ ఫైళ్లతో ఫార్మాట్ చేసి, ఫైళ్లను కాపీ చెయ్యాలె. పాత డిస్కును మళ్ల తగిలించాల్సొస్తే సెటప్‌లో టైప్ 47 పెట్టి, కాగితం మీద రాసుకున్న ఆ మూడు అంకెలు కొట్టాలె.

ప్రశ్న: డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ రాడ్‌కు కొబ్బరినూనె పెట్టొచ్చా?

వద్దు. అది గట్టిపడి దుమ్మును పట్టుకుంటది, హెడ్ కదలక మోటర్ వేడెక్కుతది. పాత జిడ్డును ఆల్కహాల్‌తో తుడిచి, కుట్టుమిషన్ నూనె గుడ్డకు ఒక చుక్క అద్ది రాడ్ మీద తుడవండి. అక్షరాల్లో ఒక అడ్డగీత తప్పిపోతుంటే పిన్ను ఇరుక్కుంది. హెడ్ తీసి, దాని ముక్కును మాత్రం ఆల్కహాల్‌లో ముంచి కొద్దిసేపు ఉంచితే ఎండిన సిరా వదులుతది.

ప్రశ్న: ధర్మకాంట మిషన్‌లో ఆ ఫ్లాష్ కార్డు పెట్టినంక పని అయిపోయినట్టేనా సార్?

కాదు. కాటా ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ తగిలించి, ఒక బండిని ఎక్కించి, తూకం తెర మీదికి వచ్చి, స్లిప్పు ప్రింటై, ఆ స్లిప్పు నంబరు నిన్నటి నంబరు తర్వాతది వచ్చిందాక పాత డిస్కును డబ్బాలోంచి బయటికి తియ్యొద్దు. నంబరు మళ్ల ఒకటి నుంచి మొదలైతే ఒక ఫైలు కాపీ కాలేదన్న మాట.